నా మెడదాకా మట్టి

నేను తూమును. పెనుకొండ నుంచి ధర్మవరం వైపు పోయే దారిలో ఓ పల్లె చెరువులో, కట్టకు లోపలి పక్కన నిలబడిన రెండు రాతి స్తంభాలు, వాటిని కలిపే అడ్డరాళ్లు, అడుగున ఓ బెజ్జం, దాన్ని మూసే కొయ్య బిరడా. నా పాదం దగ్గర శిల్పి ఓ చేపబొమ్మ చెక్కాడు. చెరువు ఎండినప్పుడు మనుషులు ఆ చేప పక్కన నిలబడి, తలెత్తి నన్ను చూసేవాళ్లు. ఇప్పుడు మేకపిల్ల ఒక్క దూకుతో నా పై అడ్డరాయి ఎక్కి కూర్చుంటుంది. చేపను చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

మా సీమలో వాన తక్కువ. వస్తే మాత్రం ఒక్క రాత్రిలో కుమ్మరిస్తుంది. బోడికొండల మీద గడ్డి లేదు, శెనక్కాయ పీకిన చేలల్లో మన్ను వదులుగా ఉంటుంది. ఎర్రగా ఉరికొచ్చిన వంక చెరువులో చేరగానే నెమ్మదిస్తుంది. పరుగు తగ్గిన నీళ్లు బరువు మోయలేక గరుకు ఇసుకను వంక మొగలోనే దింపేస్తాయి. మెత్తటి వండు నా దాకా వచ్చి, అలలు అణిగిన రాత్రుల్లో చప్పుడు లేకుండా నా చుట్టూ పేరుకుంటుంది. కొన్నేళ్లు వేలి మందమైనా ఉండదు. కానీ నా వయసు వందల ఏళ్లు.

ఒకప్పుడు దాన్ని ఉండనిచ్చేవాళ్లు కాదు. ఎండలకు చెరువు నెర్రెలు విచ్చగానే బండ్లు దిగేవి. వండును చేలకు తోలుకుంటే ఎర్రనేలలో తేమ ఇంకొన్నాళ్లు నిలిచేది. చెరువును బాగుచేసేవాళ్లకు దశబంధం మాన్యాలుండేవి. నీరుగంటి ఈదుకుంటూ వచ్చి బిరడా ఎత్తేవాడు. అతని అరచేతి గరుకు నాకింకా గుర్తే. మాన్యాలు పోయాయి. బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్ల చేలోనే దొరికాయి. బండ్లు రావడం మానేశాయి.

చెరువు పని తెలిసినవాళ్లకు ఈ సీమలో కొదవ లేదు. 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించిన భాస్కర భవదూరుడు, చెరువుకు ఉండకూడని దోషాలను శాసనంలో చెక్కించాడు. నడుమ తాబేలు వీపులాంటి మిట్ట ఉండటం అందులో ఒకటి. 1388లో పెనుకొండలో ఉన్న ప్రతాప బుక్కరాయలు పెన్న నీళ్లు ఊరికి తెమ్మంటే, సింగాయభట్టు అనే జలసూత్రజ్ఞుడు కాలువ తవ్వించాడు. అలాంటివాళ్లు వెతికి వెతికి తప్పించిన మిట్టను మా చెరువు నడుమ పూడికే కట్టింది. దానిమీద జాలికంప మొలిచింది.

నిండితే మాత్రం చెరువు నిండుగానే కనబడుతుంది. కట్టమీద గంగపూజ చేసి జనం సంతోషంగా ఇళ్లకు పోతారు. లోతు లేదని నాకు తెలుసు. మరవ తొందరగా పారి, నీళ్లు చిత్రావతి దారి పడతాయి. మిగిలినవి పలచగా పరుచుకుని ఎండకు ఆవిరైపోతాయి. అడుగున మెత్తటి మట్టి పొర బిగుసుకోవడంతో కింది బావులకూ ఊట సరిగా అందదు.

ఓ ఏడు వరి పొట్టమీద ఉంది. నలుగురు దిగి బిరడా పెరికారు. కాలువలోకి కాస్త బురద జారి ఆగిపోయింది. నా బెజ్జం నిండా మట్టి. వాళ్లు గడలతో పొడిచారు, చేతులతో తోడారు, చీకటిపడేదాకా నీళ్లలోనే ఉన్నారు. నిండు చెరువు కింద పైరు ఎండింది. అంత దుఃఖం నేనెన్నడూ ఎరగను.

పెద్దవాటికీ ఈ బాధ తప్పలేదు. ఎగువ కాలువతో మా అనంతపురం సీమకు నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాం 1953లో 133 టీఎంసీలు పట్టేది. 2016 సర్వేలో తేలింది 105.78. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం లాంటివి పదికి పైగా ఆ పూడికలో ఇమిడిపోతాయి. అంత మట్టిని తీసినా పోసేందుకు చోటేది? నా చుట్టూ ఉన్నది మాత్రం ఇప్పటికీ బండ్లతో తీరే పనే.

ఓ వేసవిలో పొక్లెయిన్ వచ్చింది. దారికి దగ్గరగా గుంతలు తవ్వి పోయింది, నా దాకా రాలేదు.

మొన్న ఓ రైతు ట్రాక్టరు కట్టకింద ఆపి, కొడుకుతో కలిసి నా పక్కనే పార వేశాడు. మొల లోతు తవ్వేసరికి కొడుకు అలిసి, నా స్తంభానికి ఆనుకున్నాడు.

"నాయినా, ఈ రాయి ఇంకా ఎంత లోతుంది?"

"తవ్వితే కదరా తెలిసేది," అంటూ తండ్రి మళ్లీ పార ఎత్తాడు.