నమిల్తేనే తిండి

యూనివర్సిటీ హాస్టల్లో బ్లాకుకొక అన్న ఉంటాడు. పీహెచ్‌డీ ఎన్నో ఏడో అడగకూడదు. మా ఉస్మానియాలో ఆయన పేరు జ్యూసన్న. పొట్ట తగ్గించాలని మెస్‌లో అన్నం మానేశాడు. రెండే పుల్కాలు, వాటినీ అనుమానంగానే చూస్తాడు. "రైస్ పొట్ట పెంచుతది తమ్మీ" అని మన కంచం వంక జాలిపడతాడు.

పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నాలుగు రౌండ్ల నడక. చెమట పట్టింది కాబట్టి చెరకు రసం. లైబ్రరీలో బుర్ర వేడెక్కింది కాబట్టి థమ్సప్. అది తాగడం ఆయన లెక్కలో స్వదేశీ ఉద్యమం. 1977లో కోకాకోలా దేశం వదిలి పోయాక పుట్టిన సరుకు కదా! 1993లో ఆ కోకాకోలాయే దాన్ని కొనేసిందని చెబితే, "కంపెనీ వాళ్లదైతేంది, రుచి మనదే" అంటాడు. ఆదివారం బిర్యానీ ఉంటుంది. అది అన్నం కిందికి రాదు. అరగడానికి ఇంకో సీసా.

సాయంత్రం మోసంబి జ్యూసు. "చక్కెర తక్కువెయ్ కాకా" అని పదిమందికీ వినబడేలా అంటాడు. కాకా నిజంగానే తక్కువేస్తే మొదటి గుక్కకే గ్లాసు వెనక్కి వస్తుంది.

మామూలు కోలా పావు లీటరు సీసాలో చక్కెర సుమారు 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. రోజంతటికీ చక్కెర 25 గ్రాములు దాటొద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఆ సంస్థ ఎక్కడో లేదు, మా క్యాంపస్‌ను ఆనుకుని తార్నాకలోనే ఉంది. అన్న దాని గేటు ముందు నుంచే జ్యూసు బండికి నడిచి వెళ్తాడు.

ఈ లెక్క చెబితే నవ్వేస్తాడు. "నమిలిందే తిండి తమ్మీ. తాగింది నీళ్లే కదా, పోతది." చిక్కంతా అక్కడే. తాగిన తీపికి కడుపు నిండినట్టు ఉండదు, అందుకని తర్వాతి పూట తిండీ తగ్గదు. సీసా వచ్చి పుల్కాల మీద కూర్చుంటుంది.

మొన్న బరువు మిషన్ ఎక్కి దిగాక అన్న ముఖం మాడింది. మిషన్ పాడైందన్నాడు. థైరాయిడ్ అన్నాడు, పరీక్షలో ఏమీ లేదని తేలింది. మెస్ వాళ్లు పుల్కాకి నూనె పూస్తున్నారన్నాడు. చివరికి కఠిన నిర్ణయమే తీసుకున్నాడు. ఇప్పుడు పుల్కా ఒక్కటే. నీరసం రాకుండా చెరకు రసం మాత్రం పెద్ద గ్లాసుకి మార్చాడు.