కూతవేటు కొండ

రోమ్‌లో చౌక విమానాలు కొన్ని దిగేది చాంపినో విమానాశ్రయంలో. అక్కడికి తూర్పున, పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేని కొండ మీద ఫ్రస్కాతి ఉంది. తెల్ల వైనుకు పేరుమోసిన ఊరు. దిగీదిగగానే గొంతు తడుపుకోవచ్చని మురిసిపోతున్నారా? ఆగండి.

చాంపినో పేరుతో రైల్వేస్టేషన్ ఉంది, విమానాశ్రయంలో మాత్రం లేదు. బస్సెక్కి స్టేషన్‌కు పోవాలి. మీ బస్సు లోపలికొచ్చే వేళకు ఫ్రస్కాతి రైలు బయటికి పోతుంటుంది. టికెట్ కొన్నంత మాత్రాన పనయిపోదు. ఆ కాగితాన్ని ప్లాట్‌ఫారం మీది చిన్న మిషన్ నోట్లో పెట్టి ముద్ర వేయించాలి. మరిచారో, టికెట్ చేతిలో ఉండగానే జరిమానా!

రైలంటే గిట్టని పోప్ పదహారో గ్రెగరీ పోయాక, తొమ్మిదో పయస్ హయాంలో, 1856లో ఈ రైలు నడిచింది. పోప్ రాజ్యంలో అదే మొదటిది. విమానాశ్రయం 1916లో వచ్చింది. నూరేళ్లు దాటినా ఇరుగుపొరుగులిద్దరికీ మాటల్లేవు.

సరే, చేరారు. స్టేషన్ కింద, ఊరు పైన. పెట్టె భుజానేసుకుని మెట్లెక్కండి. పైన పాతకాలపు వైను కొట్లలో ఇంకో ఆనవాయితీ: వైను వాళ్లు పోస్తారు, తిండి మనమే తెచ్చుకోవాలి.

అందని ద్రాక్ష పుల్లన అన్న నక్కను ఇకనైనా ఆడిపోసుకోకండి. పాపం, దానికీ బస్సు తప్పిపోయి ఉంటుంది.