కదలకున్న బండి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

సంస్కృత కావ్యానికి వ్యాఖ్యానం అనగానే పండితులకు మొదట గుర్తొచ్చేది మల్లినాథ సూరి. ఆయన మనవాడే. ఇంటిపేరు కోలాచలం, ఊరు మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాటిచ్చి మరీ గంటం పట్టాడు. హైదరాబాదు ప్రగతి నగర్‌లో కూర్చుని లారీలో మోటారుసైకిలు కట్టే విద్యకు టీక రాస్తున్న నాకు అంత నిగ్రహం లేదు. పైగా మూలమూ నాదే, వ్యాఖ్యా నాదే. ఇళ్లు మార్చే కుర్రవాళ్లు బండి ఎక్కించేటప్పుడు అనే మాటలు ఏరి ఒక ఆటవెలదిలో కూర్చాను. అర్థం వాళ్లది, గణాలు నావి.

పద్యం పుట్టిన సందర్భం చెప్పడం వ్యాఖ్యాతల ఆచారం. జేఎన్‌టీయూ నుంచి నిజాంపేట మీదుగా అంబీర్ చెరువు దాకా అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్లలో హైటెక్ సిటీ ఉద్యోగులు ఎక్కువ. ఉద్యోగం బెంగళూరుకో పుణెకో మారుతుంది. ఆషాఢం రాకముందే కొత్తింట్లో పాలు పొంగించాలని పెద్దవాళ్ల పట్టు. అపార్ట్‌మెంటు గేటు ముందు డీసీఎం వచ్చి ఆగుతుంది. (డీసీఎం టయోటా కంపెనీ ఎప్పుడో పోయింది. దాని పేరు మాత్రం హైదరాబాదులో ప్రతి మధ్యరకం లారీకీ దక్కింది. ఐషర్ అయినా, టాటా అయినా మనకది డీసీఎమ్మే.) తలుపులున్న కంటైనరు బాడీలోకి మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఎక్కుతాయి. అన్నీ అయ్యాక యజమాని అడుగుతాడు: "తమ్ముడూ, మరి బండి?" అప్పటి మాట ఇది.

మూలము

స్టాండు మీద బండి జారును నమ్మకు
ఫోర్కు మెడకు పట్టి పొందుపరచు
నాల్గు మూలలందు నాలుగు కొక్కేలు
కదలకున్న బండి కడకుఁ జేరు

ప్రతిపదార్థము

స్టాండు మీద = ఎడమవైపునుండు ఒంటి ఇనుప కాలిపై; బండి = మోటారుసైకిలు (లక్షణచేత స్కూటీయు గ్రాహ్యము); జారును = ఒరుగును, పక్కనున్న ఫ్రిజ్‌కు సొట్ట పెట్టునని భావము; నమ్మకు = "ఏం కాదు సార్" అని ఎవరన్నను విశ్వసింపకుము; ఫోర్కు మెడకు = ముందు చక్రమును పట్టియుండు రెండు గొట్టములు హ్యాండిల్ కింద కలియు చోటికి; పట్టి = ర్యాట్చెట్ బెల్టును; పొందుపరచు = అమర్చి బిగింపుము; నాల్గు మూలలందు = ముందు రెండు, వెనుక రెండు దిక్కులయందు; నాలుగు కొక్కేలు = స్పష్టము; కదలకున్న బండి = చలనము లేని ఆ బండి; కడకున్ = బెంగళూరు మొదలగు గమ్యమునకు; చేరు = క్షేమముగా చేరును.

తాత్పర్యము

ఓ యజమానీ! సైడ్ స్టాండును నమ్మకుము. ఫోర్కు మెడకు బెల్టులు వేసి, నాలుగు వైపులా లాగి కట్టినచో నీ బండి గీత పడకుండా దిగును.

విశేషములు

మొదటి పాదానికి పెద్ద వ్యాఖ్య అక్కర్లేదు. సైడ్ స్టాండు ఆగి ఉన్న నేల మీద ఆగి ఉన్న బండికి పెట్టింది. నేలే ఊగుతూ పోతున్నప్పుడు, బండి రెండంగుళాలు ముందుకు దొర్లితే చాలు, స్టాండు తనంతట తనే మడుచుకుంటుంది. సెంటర్ స్టాండు మేలు కదా అని పూర్వపక్షం. అదీ ముందుకు తోస్తే దిగిపోయేదే. డ్రైవరు బ్రేకు తొక్కితే జరిగేది సరిగ్గా అదే. కాబట్టి రెండు స్టాండ్లూ ఎత్తేసి, రెండు చక్రాల మీద నిటారుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని కంటైనరు ముందు గోడకు ఆనించి కట్టాలని సిద్ధాంతం.

రెండో పాదం దగ్గర కాస్త ఆగాలి. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది.

"హ్యాండిల్‌కే కట్టేద్దాం సార్, చేతికి అందుతుంది" అని పూర్వపక్షం. చేతికి అందే మాట నిజమే. కానీ హ్యాండిల్ అనేది నాలుగు బోల్టుల మీద బిగించిన ఒక గొట్టం. దాని కొసలు పట్టుకుని గంటల తరబడి కిందికి లాగితే బిగింపు దగ్గర తిరిగిపోతుంది, లేదా క్లచ్ కేబులూ బ్రేకు పైపూ బెల్టు కింద నలుగుతాయి. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, స్ప్లెండర్ 112. లారీ గట్టిగా ఆగినప్పుడు ఆ బరువులో సగానికి పైగా ముందుకు తోసుకొస్తుంది. దాన్ని నాలుగు బోల్టుల మీద మోపడం ఏం న్యాయం? ఫోర్కు మెడ బండి అస్థిపంజరంలో భాగం. అక్కడ వేసిన పట్టు బండి మొత్తానికి పట్టు.

చాలా బండ్లకు సరిగ్గా ఆ మెడ దగ్గరే నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దారం వేలాడుతూ ఉంటుంది. బెల్టు వేయబోయే కుర్రవాడు ఒక్క క్షణం తటపటాయించి, దాన్ని తెంచకుండా మెల్లగా పైకి జరిపి అద్దం కాడకు చుడతాడు. ఈ మర్యాద మూలంలో లేదు. మల్లినాథుడు క్షమించుగాక.

ఇక 'పొందుపరచు' అన్న క్రియ. ఫోర్కు లోపల స్ప్రింగు, నూనె ఉంటాయి. ర్యాట్చెట్ పిడిని ఒక్కొక్కసారి నొక్కుతుంటే పళ్లచక్రం టిక్కుమంటూ ఒక్కో పన్ను ముందుకు జరుగుతుంది, బండి ముక్కు కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. కుడివైపు నాలుగు టిక్కులు, ఎడమవైపు నాలుగు. ఒకవైపే లాగితే బండి అటు తల వాలుస్తుంది. ఫోర్కు దాదాపు సగం దిగేదాకా ఇలా సాగాలి. ఇలా ఎందుకు దించాలో చెప్పమంటే కుర్రవాడు "గట్టిగుండాలె సార్" అని ఊరుకుంటాడు. టీకాకారుడు ఊరుకోకూడదు. స్ప్రింగు పైకి లేవాలని చూస్తుంటుంది, బెల్టు లేవనివ్వదు. ఈ తగవు నడుస్తున్నంతసేపూ బెల్టు వదులు కాదు. అలా దించకుండా ఊరికే చుట్టి వదిలేస్తే, స్పీడ్ బ్రేకర్ మీద లారీ ఎగిరిపడినప్పుడు ఫోర్కు కుంగి, అరక్షణం బెల్టు వేలాడిపోతుంది. నోరు తెరుచుకున్న కొక్కెం జారిపోవడానికి ఆ అరక్షణం చాలు. ప్రగతి నగర్ కాలనీ రోడ్లు దాటేలోపే స్పీడ్ బ్రేకర్లు ఎన్ని తగులుతాయో అక్కడి పాఠకులకు నేను చెప్పాలా?

అలాగని పూర్తిగా అణచకూడదు. అట్టడుగుకు దిగిన ఫోర్కుకు కుదుపు తీసుకునే చోటే ఉండదు. ఆయిల్ సీలు మీద భారం పడి నూనె చెమర్చవచ్చు. నైలాన్ తాడు సంగతీ ఇక్కడే చెప్పాలి. అది సాగుతుంది. పొద్దున వేసిన ముడి కర్నూలు దాటేసరికి వదులవుతుంది. పాలియెస్టరు బెల్టు అంత సాగదు. నవారు మంచం బిగించిన వాళ్లకు ఈ తేడా వేళ్లలోనే తెలుసు. ఇనుప కొక్కెం నేరుగా రంగును తాకకుండా మధ్యలో పాత తువ్వాలు పెట్టడం సంప్రదాయం. ఆ తువ్వాలు ఇంటావిడే లోపలి నుంచి తెచ్చిస్తారు, తిరిగి వస్తుందన్న ఆశ లేకుండా.

మూడో పాదంలో క్రియాపదం లేదు. 'తగిలించు' అని అధ్యాహారం చేసుకోవాలి. ముందు బెల్టులు రెండూ ముందుకూ పక్కకూ కిందికీ లాగాలి, వెనకవి వెనక్కూ పక్కకూ కిందికీ. వెనక కట్టు క్యారియర్‌కో ఇండికేటర్‌కో సైలెన్సర్‌కో కాకుండా ఫుట్‌రెస్టు దగ్గరి ఫ్రేముకు పడాలి. 'మూలలందు' అంటే నేల మూలలు అని నా పట్టు. ఇబ్బందేమిటంటే మన కంటైనర్లు చాలావాటికి నేల మీద కొక్కేలు ఉండవు, గోడ పొడవునా అడ్డకమ్మీలే గతి. ఎత్తులో ఉన్న కమ్మీకి కడితే బెల్టు పక్కకు లాగుతుందే గానీ కిందికి లాగదు. అందుకని దొరికినంతలో అతి కింది కమ్మీ వెతకాలి. రెండు వైపులా పరుపులు కుక్కేసి "ఇంక కదలదు సార్" అనడం ఒక శాఖవారి మతం. పరుపు గీతలు పడకుండా కాపాడుతుంది. దాన్ని కట్టుగా లెక్కపెట్టడం మాత్రం శాస్త్రసమ్మతం కాదు.

పాఠాంతరాలు రెండు. సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసు పాఠంలో పట్టీకి బదులు గోనెపట్టా వస్తుంది. ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా తీసి, ఒళ్లంతా గోనె చుట్టి, చిరునామా చీటీ కట్టి రైలెక్కిస్తారు. డాలస్ పాఠంలో యజమానే కూలీ. మూసి ఉన్న ట్రైలరు అద్దెకు తెచ్చి, తన కారుకే తగిలించుకుని, బెల్టులు కొనుక్కుని తనే కట్టుకుంటాడు. ఆ పాఠంలో ఒక అధికసూత్రం ఉంది: బరువులో అరవై శాతం ట్రైలరు ముందు సగంలో ఉండాలి. వెనక బరువైతే ట్రైలరు తోకలా ఊగి కారునే ఈడుస్తుంది. మన డీసీఎంకు ఈ బెంగ లేదు.

నాలుగో పాదంలో విరోధాభాసం. కదలనిది గమ్యం చేరడమేమిటని శంక. రెండు బండ్లున్నాయి కాబట్టి పరిహారం. మోసే బండి కదులుతుంది, మోయబడే బండి కదలదు. మరో చమత్కారం హైదరాబాదు వాళ్లకే అందుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్రవాహనాలను రానివ్వరు. యజమాని ఎన్నేళ్లు నడిపినా ఆ బండికి ఔటర్ ఎక్కే యోగం లేదు. నాలుగు బెల్టులు కట్టించుకుని, చక్రం తిప్పకుండా, చీకట్లో నిలబడి అదే బండి శంషాబాద్ దాకా దర్జాగా ఔటర్ మీద వెళ్తుంది.

కవి వదిలేసినవి కొన్ని ఉన్నాయి. హ్యాండిల్ లాక్ వేయకూడదు, చక్రం పక్కకు తిరిగిపోయి కట్టు వంకరవుతుంది. అలవాటు చొప్పున లాక్ వేసి తాళం జేబులో పెట్టుకుని క్యాబ్ ఎక్కే యజమానులకు కొదవ లేదు. ట్యాంకులో పెట్రోలు ముందే తీసేయాలి. మొదటి గేరులో పెట్టాలి. ఊరు దాటాక ఒకసారి తలుపు తీయించి బెల్టులు మళ్లీ బిగించాలి. కాగితాల కాండ వేరు: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, దానికి ఇక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి.

విప్పడం గురించి పద్యంలో ఒక్క ముక్క లేదు. ఆటవెలదికి ఐదో పాదం ఉండదు గనక ఇక్కడ రాస్తున్నాను. ముందు ఒక మనిషి బండిని పట్టుకోవాలి. తర్వాత వెనక బెల్టులు, ఆ తర్వాతే ముందువి, రెండువైపులా కొంచెం కొంచెంగా. ఒక్కసారిగా వదిలితే ఫోర్కు ఎగిరి గడ్డానికి తగులుతుంది. దింపాక కిక్ కొట్టి ప్రయోజనం లేదు. పెట్రోలంతా ప్రగతి నగర్‌లోనే తీసేశారు కాబట్టి బంకు దాకా తోసుకుపోవడమే.