ఒక్క కోటింగ్ ఓనరు గారు

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికినవాళ్లందరికీ ఈయన తెలుసు. పేరు గేటు పక్కన నల్లరాతి పలక మీద చెక్కించి ఉంటుంది గానీ కాలనీలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఓనరు గారు, అంతే. పైన తను, కింద రెండు పోర్షన్లు. కిందివాళ్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పెయింటింగ్‌కని పట్టుకుంటారు. అందులో వింతేమీ లేదు, నగరంలో చాలా చోట్ల ఉన్న పద్ధతే. ఆ డబ్బులో గోడ దాకా చేరేదెంత అన్న దగ్గరే ఈయన పనితనమంతా.

తెలియక చేస్తారనుకునేరు! గోడకి ఏం కావాలో ఈయనకి మేస్త్రి కన్నా బాగా తెలుసు. కూతురి పెళ్లికి పైన హాలు వేయించినప్పుడు చూడాల్సింది. పాత రంగు గీకించి, లప్పం రెండుసార్లు పెట్టించి, ఎమెరీ పేపరుతో రుద్దించి, దుమ్ము తుడిపించి, ప్రైమర్ ఒక కోటింగ్, దాని మీద ఎమల్షన్ రెండు కోటింగులు. టీవీ వెనక గోడ అంతకుముందు మెరూన్. దాని మీద మీగడ రంగు వేస్తే రెండింటికి కప్పదని, మేస్త్రి నోరు తెరవకముందే తనే మూడోది వేయమన్నారు. కోటింగ్‌కీ కోటింగ్‌కీ మధ్య నాలుగు గంటలైనా ఆరాలని గడియారం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆఖర్న ఫోన్ టార్చి గోడకి ఆనించి, వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని, "మేస్త్రీ, ఇక్కడ చెయ్యి తేడా పడింది చూడు" అని అంగుళం అంగుళం వెతికారు.

ఆ టార్చి ఇంతవరకూ మెట్లు దిగలేదు.

కింద లెక్క వేరు. "చిన్నపిల్లలున్న ఇల్లు మేస్త్రీ, మళ్లీ గీతలు గీసేవాళ్లేగా. ఒక్కటి కొట్టెయ్" అంటారు. వచ్చేది బ్యాచిలర్లయితే, "వాళ్లు ఇంట్లో ఉండేదెప్పుడు, గోడలు చూసేదెప్పుడు? ఒక్కటి చాలు." ముసలి దంపతులైతే, "వాళ్ల చూపుకి అంత అక్కర్లేదు." ఎవరొచ్చినా సమాధానం ఒకటే, కారణమే మారుతుంది.

"సార్, పాత సున్నం పొడి రాలుతోంది. గీకకుండా వేస్తే ఎండాకాలానికల్లా పెచ్చులు లేస్తాయి" అంటాడు మేస్త్రి.

"అప్పటిదాకా వాళ్లుంటారో లేదో!"

డబ్బా మీద రాసిన కొలత కన్నా నీళ్లు ఎక్కువే పోయిస్తారు. రోలరు మీంచి రంగు మజ్జిగలా కారుతుంటే, "కొత్త కంపెనీ, పల్చగానే వస్తుంది" అంటారు. పెయింటర్ల కోసం కంపెనీవాళ్లు బకెట్లో పెట్టే టోకెన్ సంగతి అడగబోయి మేస్త్రి ఊరుకుంటాడు. సీలు అప్పటికే ఊడి ఉంది మరి.

ఇక మేకుల బెజ్జాలు. వెళ్లిపోయేవాళ్లు వాటిని టూత్‌పేస్టుతో పూడ్చి తప్పించుకోవాలని చూస్తారు. ఓనరు గారు వేలితో గుచ్చి మరీ పట్టుకుని, బెజ్జానికింతని కోస్తారు. అంత కోసినాక అక్కడ కాస్త లప్పం అద్ది, ప్రైమర్ లేకుండానే రంగు లాగించేస్తారు. లప్పం రంగుని పీల్చేసుకుంటుంది. ఆరాక గోడ ఒక తీరు, ఆ చుక్కలు ఒక తీరు. కిటికీలోంచి ఎండ పక్కవాటుగా పడిందంటే చాలు, పాత కుటుంబం పెళ్లి ఫొటో ఎక్కడ తగిలించుకుందో, గడియారం ఎక్కడుండేదో కొత్తవాళ్లు కూర్చున్నచోటు నుంచే చెప్పేయొచ్చు. వంటింట్లో పొయ్యి వెనక నూనె జిడ్డు సబ్బునీళ్లతో కడగనే లేదు కాబట్టి, అక్కడ రంగు అసలు పట్టుకోదు.

"ఆరితే కలిసిపోతుంది బాబూ" అంటారు ఓనరు గారు. ఈ మాటలో సగం నిజం ఉండటమే చిక్కు. ఎమల్షన్ పచ్చిగా ఉన్నప్పటి కన్నా ఆరాక కాస్త బాగానే కప్పుతుంది. మిగతా కాస్తా కప్పాల్సింది రెండో కోటింగే. అది పైన హాల్లో ఉంది.

ఇల్లు చూపించేది మాత్రం ఎప్పుడూ సాయంత్రం ఏడు దాటాకే. "పగలు గుడికెళ్తాను, బ్యాంకు పనులుంటాయి" అంటారు. ట్యూబులైటు కింద ఒక్క కోటింగ్ కూడా రెండులాగే కనిపిస్తుంది. కొత్త రంగు వాసన సగం బేరం కుదిర్చేస్తుంది. పడకగదిలో బాత్రూమ్ వైపు గోడకి చెమ్మ దిగి రంగు బుడగలు లేస్తే, సరిగ్గా దాని మీదికి పెద్ద సైజు లక్ష్మీదేవి క్యాలెండరు వచ్చి చేరుతుంది. "అమ్మవారిని మాత్రం కదపకండమ్మా, ఇంటికి మంచిది" అని ఇల్లాలికి ప్రత్యేకంగా చెబుతారు. ఆవిడ కదపదు. డిసెంబరు వెళ్లిపోయినా కదపదు.

ఇల్లు వెతుక్కునేవాళ్లకి రెండు మాటలు. పగటిపూట చూడండి, క్యాలెండరు ఎత్తి చూడండి. పదకొండు నెలల అగ్రిమెంటులో "పెయింటింగ్‌కి ఒక నెల అద్దె" అని రాసి ఉంటే, దాని పక్కనే "గీకుడు, లప్పం, ప్రైమర్, ఎమల్షన్ రెండు కోటింగులు" అని కూడా రాయమనండి. సంతకం పెట్టే ఓనరూ ఉంటాడు. పెట్టకపోతే, పై హాలు ఎవరు వేశారో కనుక్కుని ఆ మేస్త్రి నంబరు తీసుకోండి. పని బాగా చేస్తాడు.