పై అంతస్తులో పాట పెట్టిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ పేరు నాకు తెలీదు. పోయిన కార్తీకంలో ఓ ఆదివారం సాయంత్రం విజయవాడలో, కృష్ణ మీద తిప్పుతూ రాత్రి భోజనం పెట్టే పడవ ఎక్కావు నువ్వు. అదే పడవలో మేమూ ఉన్నాం. నీ చేతిలో చిన్న సూట్‌కేసంత స్పీకరు, దాని చుట్టూ వెలిగి ఆరే రంగు లైట్లు. మీ జట్టంతా పై అంతస్తుకి పోయారు. నేను కింద, నీటి పక్క బల్ల దగ్గర మా అత్తగారితో కూర్చున్నాను. ఆవిడకి డెబ్బయ్యెనిమిదేళ్లు. పడవెక్కేటప్పుడు నువ్వే చెయ్యి అందించి ఆవిణ్ణి లోపలికి దించావు. గుర్తుందో లేదో. ఆ చెయ్యి గుర్తున్నందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. చెడ్డవాడివైతే రాసేదాన్ని కాదు.

మాది శ్రీకాకుళం. అత్తగారు పుట్టిందీ మెట్టిందీ నాగావళి ఒడ్డునే. నేను మాత్రం విజయనగరం పిల్లని. మా ఊళ్లో పెద్దచెరువుంది, కోటుంది, సిరిమాను ఉంది, ఏరు మాత్రం లేదు. చంపావతి చూడాలంటే నెల్లిమర్ల పోవాలి. కొత్తకోడలిగా వచ్చిన మొదటి కార్తీకంలో ఈవిడే నన్ను తెల్లవారుజామున లేపి, ఉమారుద్ర కోటేశ్వరుడి గుడి పక్క రేవుకి తీసుకెళ్లి, అరటిదొప్పలో దీపం పెట్టి నీళ్లలో ఎలా వదలాలో నేర్పారు. దొప్పని తొయ్యకూడదట. అరచేతి మీద పెట్టుకుని చేతిని నీళ్లలోకి దించితే, ఏరే దాన్ని తీసుకుపోతుందట. అప్పటినుంచీ ఆ ఏరు నాకు పుట్టింటి వస్తువు కన్నా ఎక్కువైంది.

ఆవిడ జీవితమంతా ఏటిని ఒడ్డున నిలబడి చూసిందే, అవసరానికి దాటిందే. "పడవలో కూకుని, దీపం ఎట్టుకుని, ఒక్కపూట బువ్వ తినాలని ఉందే నాకు" అని ఎన్నాళ్లనుంచో అనేవారు. శ్రీకాకుళంలో అలాంటి పడవ లేదు. అందుకే మా అమ్మాయి విజయవాడలో ఉద్యోగంలో చేరగానే, మొదటి జీతంతో నాయనమ్మకి కొన్న బహుమతి ఆ పడవ టికెట్లు.

పడవ కదిలిన నిమిషంలో నీ పాట మొదలైంది.

నేను పాటకి విరోధిని కాను. నువ్వు పెట్టిన పాటల్లో రెండు నాకూ ఇష్టమే. కానీ అత్తగారు నా చెవి దగ్గరికి వంగి ఏం అన్నారో చెప్తాను, విను. "ఏటే ఈ సప్పుడు, నీల్ల సప్పుడు ఇనపడ్డం లేదు." ఆవిడ ఆ పడవ ఎక్కింది ఆ నీళ్ల చప్పుడు కోసం. భోజనం ఇంట్లోనూ ఉంటుంది. నీ పాట నువ్వు ఏ గదిలోనైనా వింటావు. నది మధ్యలో రాత్రిపూట నీళ్లు పడవ పక్కలకి తగిలే చప్పుడు మాత్రం ఇంకెక్కడా దొరకదు. ఆ పూట అరవై మందిమి ఉన్నామేమో, అందరం డబ్బిచ్చి కొనుక్కున్నది ఆ చప్పుడే, ఆ చీకటే, ఆ గాలే.

రాత్రి పది దాటలేదుగా అని నువ్వు అనొచ్చు. నిజమే. పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెప్తాయి, మనం ఎక్కింది ఏడున్నరకి. కానీ నీటి మీద చప్పుడు నేల మీద చప్పుడులాంటిది కాదు. పొద్దుగూకాక నీటినంటి ఉన్న గాలి ముందు చల్లబడుతుంది, పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైకి పోవలసిన చప్పుడు ఆ వెచ్చటి పొర దగ్గర వంగి తిరిగి నీటి మీదకే దిగుతుంది. అందుకే శ్రీకాకుళంలో చలికాలం సాయంత్రాల్లో అవతలి ఒడ్డున ఎవరో ఎవరినో పిలిస్తే ఇవతల మనం తలతిప్పి చూస్తాం. నీ స్పీకరు మా పడవలోనే ఆగలేదు తమ్ముడూ. ఒడ్డున ఇళ్లలో నిద్రపుచ్చుతున్న పిల్లల దాకా, లంకల్లో గూళ్లకి చేరిన కొంగల దాకా పోయింది. మా టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అని రెండు ఊళ్లున్నాయి. ఏటా పక్షులొచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే పిల్లల్ని పెంచుకుంటాయి. అవి రావడం శుభమని ఆ ఊళ్ల నమ్మకం, వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. అలాంటి ఊళ్లున్న జిల్లానుంచి వచ్చినవాళ్లం. మాకు ఆ రాత్రి కొంగలు కలతపడి లేచిపోవడం కనబడింది.

పడవ కుర్రాడు పైకెళ్లి తగ్గించమన్నాడు. తగ్గించావు. ఐదు నిమిషాల్లో మళ్లీ పెంచావు. ఇంతవరకూ జరిగింది చిరాకు మాత్రమే. సర్దుకునేవాళ్లం.

తర్వాత జరిగింది వేరు. బ్యారేజీ దీపాలు కనబడగానే మీరంతా ఫొటో కోసం ఒక్కసారిగా కుడిపక్క కమ్మీ దగ్గరికి ఉరికారు. ఫొటోలో బాగుండదని లైఫ్ జాకెట్లు విప్పి కుర్చీల మీద పడేశారు. పాటకి తగ్గట్టు గెంతారు. పైన మీకు తెలియలేదేమో, కింద మాకు తెలిసింది. బల్ల మీద పప్పుగిన్నె జారింది. నీళ్ల గ్లాసులు దొర్లాయి. పడవ ఒరిగిన పక్కనే మేమున్నాం, నీళ్లు మోచేతికి అందేంత దగ్గరికొచ్చాయి. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టు గుర్తులు పొద్దుటిదాకా ఉన్నాయి. సరంగు గంట కొట్టి కేకేశాడు, "బాబూ, ఆ పక్కకి పొండి, పడవ తూకం తప్పుతాది!" మీలో ఎవరో "ఏం కాదులే" అన్నారు.

ఏం కాదులే అన్న మాట ఆ నీళ్ల మీద అనకూడదు తమ్ముడూ. అక్కడికి కాస్త ఎగువన, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం అంటున్న చోట, 2017 నవంబరు 12న పడవ బోల్తాపడింది. అదీ కార్తీకమాసమే, అదీ ఆదివారమే. హారతి చూద్దామని బయలుదేరినవాళ్లు, చాలామంది ఒంగోలునుంచి వచ్చినవాళ్లు. ఇరవైమందికి పైగా పోయారు. అనుమతి లేని పడవ, పట్టేదానికన్నా ఎక్కువమంది జనం. రెండేళ్లు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, అదీ ఆదివారమే, పాపికొండలకి వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. అందులో 77 మంది ఉంటే 26 మందే ఒడ్డుకి చేరారు. కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఇనుపతాళ్లు వేసి ఆ పడవని బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. అన్నాళ్లూ ఒడ్డున ఎదురుచూసిన కుటుంబాల్ని టీవీలో చూస్తూ నేను అన్నం ముందునుంచి లేచిపోయిన రోజులున్నాయి. ఆ తర్వాతే పడవలమీద నిఘాకి రాష్ట్రంలో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. టికెట్టు ఇచ్చేచోట పేర్లు రాసుకోవడం, జాకెట్టు కట్టుకుంటేనే ఎక్కనివ్వడం, అవన్నీ ఆ చావుల తర్వాత గట్టిపడిన జాగ్రత్తలు. నువ్వు కుర్చీ మీద పడేసిన జాకెట్టు అదే.

బరువు పడవ అడుగున ఉంటే పడవ నిలకడగా ఉంటుంది. పైకి పోయినకొద్దీ, ఒక పక్కకి చేరినకొద్దీ ఒరిగిన పడవకి తిరిగి నిలబడే శక్తి తగ్గిపోతుంది. ఇది నేను పుస్తకంలో కన్నా ముందు నాటుపడవలో నేర్చుకున్నాను. ఉద్యోగం చేరిన కొత్తలో నన్ను కొమరాడ మండలంలో నాగావళి అవతలి బడికి వేశారు. పూర్ణపాడు, లాబేసు మధ్య వంతెన ఏళ్ల తరబడి పూర్తికాక, ఆ ఊళ్లవాళ్లు పడవమీదే దాటేవాళ్లు. బియ్యం బస్తా, మేకపిల్ల, పురిటికి పోయే మనిషి, అందరూ అదే పడవ. పడవవాడు "కూకోండి" అంటే రెండో తరగతి పిల్లకాయ కూడా మారుమాట లేకుండా కూలబడిపోయేవాడు. మధ్యలో ఎవరూ లేచేవాళ్లు కాదు, గట్టిగా మాట్లాడేవాళ్లు కూడా కాదు. భయంతో కాదు. ఒకరు కదిలితే పక్కవాడికి తగులుతుందని పుట్టినప్పటినుంచీ తెలుసు వాళ్లకి. వాళ్లకి పడవ సరదా కాదు, దారి. ఆ పిల్లలు కూర్చున్నట్టు నువ్వు ఆ ఒక్క గంటా కూర్చుని ఉంటే బాగుండును.

ఇంకొకటి. భోజనాలయ్యాక మీ బల్లనుంచి ప్లాస్టిక్ గ్లాసులు ఒకటొకటే నీళ్లలో పడటం చూశాను. ఎంత దూరం పోతుందో పందెం వేసుకున్నట్టున్నారు. అవి ఎక్కడికి పోతాయో నేను చెప్తాను. మొదట బ్యారేజీ గేట్ల దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుంటాయి. కొన్ని కాలువల్లోకి దిగుతాయి. ఆ కాలువల నీళ్లతోనే డెల్టా ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకుంటారు. మిగతావి గేట్లెత్తిన రోజున హంసలదీవి దాకా పోయి సముద్రంలో పడతాయి. ఆ తీరానికీ మా శ్రీకాకుళం తీరానికీ కూడా ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీటిలో తేలే ప్లాస్టిక్‌ని అవి జెల్లీ చేప అనుకుని మింగుతాయి. కళింగపట్నం ఇసుకలో చచ్చిపడున్న తాబేళ్లని చూసినదాన్ని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఈ తప్పు నీ ఒక్కడిదే అనను. మా రేవులోనూ అరటిదొప్పలు పోయి థర్మోకోల్ పళ్లేల్లో దీపాలు వచ్చాయి. అత్తగారు ప్రతి కార్తీకంలో వాటిని ఏరి ఒడ్డున కుప్పవేస్తారు. ఆవిడ నడుము ఇప్పుడు అంతగా వంగదు.

మీరు దిగి వెళ్లిపోయాక ఏం జరిగిందో నీకు తెలీదు. మేం చివర్న నెమ్మదిగా దిగుతుంటే అత్తగారి మాట విని సరంగు ఇటు తిరిగాడు. "మాదీ సిక్కోలే మామ్మా" అన్నాడు. ఎచ్చెర్ల మండలం, మత్స్యలేశం పక్క ఊరు. పదహారో ఏట చేపలవేటకి గుజరాత్ వీరావల్ పోయాడట. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో ఇంటికొచ్చిన మన మత్స్యకారుల్లో కొందరు తనకి బంధువులట. అప్పటినుంచి ఇంట్లోవాళ్లు సముద్రం వద్దంటే ఇలా ఏటి పడవమీదకి వచ్చేశాడు. "నీల్ల సప్పుడు ఇందామని వచ్చాను నాయినా, ఇనబడనేదు" అని ఈవిడ అన్నారు. అతను ఒక్క మాట మాట్లాడకుండా లోపలికెళ్లి ఇంజను కట్టేశాడు. లైట్లు కూడా రెండు ఆర్పాడు. మమ్మల్ని మళ్లీ కూర్చోమన్నాడు.

రెండు నిమిషాలో, మూడో. పడవ రేవుకి కట్టే ఉంది, నీళ్లు కింద మెల్లగా కదుల్తున్నాయి. అత్తగారు కళ్లు మూసుకుని విన్నారు. విని, "ఇది లోతు నీల్లే. మన ఏరు గలగలమంటాది, ఇది గొంతులోనే మాటాడతాది" అన్నారు. సరంగు తలూపాడు. ఆ ఇద్దరి మధ్య ఏదో అర్థమైంది, నాకు సగమే అర్థమైంది.

నువ్వు కూడా అప్పుడు అక్కడుంటే బాగుండుననుకున్నాను. నిజంగా. నీకు ఆ చప్పుడు ఎవరూ వినిపించి ఉండరు. పుట్టినప్పటినుంచీ మోటారు చప్పుడు, హారన్లు, పెళ్లి బాక్సుల మధ్య పెరిగావు. నిశ్శబ్దంగా ఉంటే ఏదో తక్కువైనట్టు అనిపించి పాట పెట్టి ఉంటావు.

మా ఏటిమీద కూడా ఎప్పటికైనా ఓ సాయంత్రం పడవ నడవాలని నా కోరిక. కలహండి కొండల్లో పుట్టి, రాయగడ, తోటపల్లి దాటి, 256 కిలోమీటర్లు నడిచి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే ఏరు అది. బలరాముడు నాగలితో గీసిన చాలు వెంట పారిందని, దారిపొడవునా పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లిలో ఐదుచోట్ల శివుణ్ణి ప్రతిష్ఠించాడని పెద్దలు చెప్తారు. ఎండాకాలం ఇసుకే మిగుల్తుంది, పడవకి లోతు చాలదు. వానలు వెనకబట్టి, వరద తీసి, నీళ్లు తేటపడిన కార్తీకంలోనైనా, పాతవంతెన కిందనుంచి చిన్నపడవ ఒకటి, నూనెదీపాలతో, పాతికమందికి మించకుండా. విస్తరాకులో అన్నం, పప్పు, వంకాయ కూర. చాలు. అలాంటి పడవ వచ్చిన రోజున అందులో మొదట ఎక్కేది నీలాంటి కుర్రాళ్లే. అందుకే ఇప్పుడే నీకు చెప్పుకుంటున్నాను.

వచ్చే పోలిపాడ్యమికి శ్రీకాకుళం రా. తెల్లవారుజామున నాలుగింటికి గుడి పక్క రేవులో ఉంటాం. స్పీకరు ఇంట్లో వదిలేసి రా. అత్తగారికి మెట్లు దిగడానికి ఎలాగూ ఒక చెయ్యి కావాలి. దొప్పలు ఆవిడే కోసి తెస్తారు, నీకూ ఒకటి ఉంచమని చెప్తాను.

ఇట్లు,
కింద బల్ల దగ్గర కూర్చున్న అక్క