సైన్స్ తప్ప అన్నీ నేర్చుకోండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఉస్మానియాలో ఎమ్మెస్సీ సీటు కొట్టి, బకెట్టు, పరుపుచుట్ట, అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బాతో తార్నాకలో దిగిన మీకు ఓ సైన్స్ సీనియర్ స్వాగతం. క్యాంపస్ జీవితం హాయిగా గడవాలంటే ఒక్కటే షరతు. చేరింది సైన్స్‌లో అన్న సంగతి మాటిమాటికీ గుర్తు చేసుకోకూడదు.

రాగానే ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగండి. మనది సైన్స్ కాలేజీ కదా అని మొహమాటం వద్దు. 1939లో నిజాం ప్రారంభించిన ఆ రాతి మేడకు వచ్చినన్ని లైకులు ఏ పరీక్షనాళికకూ రావు. పెళ్లి ఫొటోల జంటలు అడ్డుంటాయి, కాస్త ఓపిక పట్టండి.

తర్వాత రికార్డు. రికార్డు రాయడానికి ప్రయోగం చేయాలనుకునేవాడు అమాయకుడు. ఏ హాస్టల్లో వెతికినా ఓ తాతగారి రికార్డు దొరుకుతుంది. ఆ మహానుభావుడు ఏనాడో టైట్రేషన్ చేసి 9.6 మిల్లీలీటర్లు అని రాశాడు. ఆనాటి నుంచి ఏ బ్యూరెట్ తిప్పినా, ఏ ద్రావణం పోసినా మన క్లాసులో అందరికీ 9.6 మిల్లీలీటర్లే. ఇంతటి ఏకాభిప్రాయం ఏ దేశపు ప్రయోగశాలకూ సాధ్యం కాలేదు. తాతగారి అక్షరదోషాలు కూడా భక్తిగా ఎత్తిరాయండి, సంప్రదాయం చెడకూడదు. ఫిజిక్స్ వాళ్లకు ఇంకా సుఖం. జవాబు ముందే తెలుసు గనక రీడింగులను వెనక నుంచి లెక్కగట్టుకోవచ్చు, పరికరం మీది దుమ్ము కదపనక్కర్లేదు.

లైబ్రరీకి మాత్రం పొద్దున్నే వెళ్లి టవల్ వేసి సీటు ఆపుకోండి. అక్కడ క్వాంటం మెకానిక్స్ తెరిస్తే పక్కవాడు జాలిగా చూస్తాడు. గ్రూప్-2 పుస్తకం తెరవండి, గౌరవంగా జరిగి చోటిస్తాడు. (ఈ ఒక్క చోట నాకు వెటకారం రాదు. అప్పు చేసి పత్తి వేసిన నాయనకు, ఉద్యోగం చూపించని సైన్స్‌నే పట్టుకుని ఉంటానని ఏ మొహంతో చెబుతాడు వాడు?)

అతి ముఖ్యమైన జాగ్రత్త: తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు పోకండి. తప్పనిసరైతే ఫోన్‌లో తల దూర్చి పోండి. ఆ దారిన ఐఐసీటీ ఉంది. ఎయిడ్స్ మందు ఏజడ్‌టీని మన దేశంలోనే తయారుచేసే పద్ధతిని ఏవీ రామారావు బృందం రూపొందించింది అక్కడే. భూమి లోతులు శోధించే ఎన్‌జీఆర్‌ఐ ఉంది. లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రల పరీక్షకు పదును పెట్టిన సీసీఎంబీ ఉంది. ఓపెన్ డే వస్తే అక్కడ బడిపిల్లలు వరస కట్టి నిలబడతారు, వాళ్ల వెనక మనం నిలబడితే పరువేం కావాలి? ఇక జాతీయ పోషకాహార సంస్థ మన క్యాంపస్ పక్కనే. మన విశ్వవిద్యాలయమూ అదీ 1918లోనే పుట్టాయి. కూనూరులో పుట్టిన అది 1958లో ఇక్కడికి కాపురానికొచ్చింది. ఏ గింజలో మాంసకృత్తులు ఎంతున్నాయో దేశానికి పట్టికలు కట్టిచ్చింది. మనం దాని బోర్డు కింద బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీ తింటాం, బోర్డు మాత్రం చదవం.

పాతవాళ్ల కబుర్లు కూడా వినకండి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఊళ్లో జనం తలుపులు బిగించుకుంటే, ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు ఆకాశంకేసి పరికరాలు తిప్పి కూర్చున్నారు. 48 అంగుళాల టెలిస్కోపు పెట్టిన చోటది. మనం వాళ్లకంటే ముందున్నాం. గ్రహణం అనగానే సెలవిస్తారా లేదా అని వాట్సాప్ గ్రూపులో చూస్తాం.

ఇంత చెప్పినా సైన్సే నేర్చుకుంటామని మొండికేసేవాళ్లు మీలో ఒకరిద్దరు ఉండకపోరు. వాళ్లకు దండం పెట్టి ఒక మాట. మీ టైట్రేషన్ తాతగారి అంకెతో కలవకపోతే దిద్దకండి, మీకొచ్చిందే రాయండి. ఎందుకు కలవలేదో అడుగుదామని సార్ కోసం వెతికి, దొరక్కపోతే ఆయన్ను తిట్టకండి. మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగానే ఉన్నాయి. ప్రభుత్వాలు మారాయి, కుర్చీలు నిండలేదు.