వాల్‌నట్ల గట్టు

మా ఆవిడ శాకాహారి అన్న సంగతి పెళ్లిచూపుల నాడే నాకు తెలుసు. ఆ తెలియడం ఎంత పైపైనో మా మొదటి పెళ్లిరోజున నా చేతులతో నేనే పేర్చిన ఒక చెక్కపలక బయటపెట్టింది. ఆ రాత్రి ఎలా జరిగిందని స్నేహితులు అడిగితే బాగానే జరిగిందని చెప్పి మాట మార్చేస్తూ వచ్చాను. బాగా జరగలేదు. ఎందుకు జరగలేదో ఇవాళ దాచుకోకుండా రాసుకుంటున్నాను.

మేముండేది ఇటలీలో, పార్మాలో. తిండి వస్తువుల్ని ప్యాక్ చేసే యంత్రాలు ఈ చుట్టుపక్కల చాలా తయారవుతాయి, నా ఉద్యోగం వాటి మీదే. లోకం మాత్రం ఈ ఊరిని రెండు రుచులతో గుర్తుపెట్టుకుంది. ఒకటి పార్మిజానో రెజ్జానో చీజ్, రెండోది ప్రొషూట్టో, అంటే ఉప్పు పట్టించి గాలికి ఆరబెట్టిన పంది తొడ. నేను ఒంటరిగా ఉన్న రోజుల్లో సెలవు దొరికితే లాంగిరానో వైపు కొండల్లోకి వెళ్లేవాణ్ణి. అక్కడి గిడ్డంగులకి పొడుగాటి కిటికీలుంటాయి. వాటిని ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో గాలిని బట్టి చూసుకుంటూ ఏడాదికి పైగా ఆ తొడల్ని వేలాడదీస్తారు. కలిపేది ఉప్పు ఒక్కటే. చివర్లో పరీక్ష చేసే మనిషి గుర్రం కాలి ఎముకతో చేసిన సన్నటి సూదిని మాంసంలో గుచ్చి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఆ ఎముకలో సన్నని రంధ్రాలుంటాయి కనుక వాసనని ఇట్టే పట్టుకుంటుంది, ఇట్టే వదిలేస్తుంది. ఒక్కో తొడలో కొన్ని చోట్ల అలా గుచ్చి చూసి, వాసనలో తేడా లేదని తేలాకే కిరీటం ముద్ర పడుతుంది. అది చూడడం కోసమే మళ్లీ మళ్లీ వెళ్లాను. ఒక తొడ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఆ మనిషి పెట్టే శ్రద్ధకి ముచ్చటపడ్డవాణ్ణి, నేను కట్టుకున్న మనిషి ఏం తింటుందో, ఏం తినదో తెలుసుకోవడానికి అందులో పదోవంతు కూడా పెట్టలేదు.

ఆమెది తెనాలి. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. నాకు ఇంజనీరింగ్ హాస్టల్లో అలవాటైన మాంసం గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. "మీ గిన్నె మీది, నా గిన్నె నాది. కలవకపోతే చాలు" అంది కాపురానికి వచ్చిన మొదటి వారంలో. నేను సరేనన్నాను. ఆ మాటని వంటింటి సర్దుబాటు కిందే తీసుకున్నాను. అంతకు మించి దానిలో ఏముందని అడగలేదు.

పార్మిజానోని ఆమెకి పరిచయం చేసింది నేనే. పాస్తా వండుకున్న ప్రతి రాత్రీ ఆమె పళ్లెం మీద నేనే తురిమేవాణ్ణి. ఆమెకి నచ్చింది. చిన్న ముక్క చేతిలో పట్టుకుని, పంటి కింద కరకరలాడే తెల్లటి పలుకులు ఏమిటని అడిగితే, చీజ్ ముదిరేకొద్దీ లోపల మాంసకృత్తులు విడిపోయి అలా పలుకులు కడతాయని చెప్పాను. అంత వివరం చెప్పగలిగినవాడికి అసలు పాలు చీజ్‌గా ఎలా తోడుకుంటాయన్న ప్రశ్న ఎందుకు రాలేదు? మన దగ్గర అమూల్ చీజ్ డబ్బా మీద పచ్చచుక్క చూసి చూసి పెరిగాను. చీజ్ అంటే పాలు, పాలంటే శాకాహారం. అక్కడితో నా ఆలోచన ఆగిపోయింది.

మా పెళ్లి శ్రావణంలో అయింది. ఆగస్టులో పార్మా సగం ఖాళీ అయిపోతుంది, ఎండ మాత్రం పోదు. మా ఇంట్లో ఏసీ లేదు. బయట హోటల్‌కి వెళ్తే ఆమె తినగలిగేది ఏదీ ఉండదని, ఇంట్లోనే పలక పేరుద్దామనుకున్నాను. చెక్కపలక మీద చీజులూ ఉప్పుమాంసాలూ పండ్లూ పేర్చి మధ్యలో పెట్టుకుని తినడం ఇక్కడ మామూలే, టాలియేరె అంటారు. అందులో నాకు నచ్చింది ఇద్దరి చేతులూ ఒకే పలక మీదికి రావడం. ఏడాది నుంచీ ఒకే బల్ల దగ్గర వేరే వేరే గిన్నెల్లో తింటున్నాం. ఆ ఒక్క రాత్రైనా ఒకే పళ్లెంలో తినాలని ఎంతో ఆశపడ్డాను.

నేను ఎప్పుడూ వెళ్లే కొట్టు యజమానురాలు పెద్దావిడ. ఏం కావాలి, ఎంతమందికి అని అడిగింది. ఇద్దరికే, పెళ్లిరోజు అని చెప్పాను. ఆవిడ సంతోషపడి హామ్‌ని కాగితమంత పలచగా కోస్తూ, మీ ఆవిడకి కొవ్వు ఇష్టమేనా అంది. ఆమె మాంసం ముట్టదు, చీజ్ తింటుంది అన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది. "అయితే రెండు పలకలు పెట్టు నాయనా" అంది. అంతే అంది. నేను నవ్వి, లేదమ్మా, ఒక్కటే పెడతాను అన్నాను. ఆ ఒక్క సలహా వినుంటే కనీసం సగం గట్టెక్కేవాణ్ణి.

పలకని మధ్యాహ్నం నుంచీ పేర్చాను. ఎడమవైపు నా భాగం: ప్రొషూట్టో, ఫెలీనో సలామె. కుడివైపు ఆమె భాగం: రెండేళ్లు ముదిరిన పార్మిజానో, గోర్గోంజోలా, గొర్రెపాల పెకొరీనో. పార్మిజానోని కోయకూడదు, మొన తేలిన పొట్టి కత్తిని గుచ్చి విరవాలి. అప్పుడే లోపలి గరుకు బయటపడి రుచి తెలుస్తుంది. అలాగే విరిచాను. అంజూరపండ్లు నాలుగుగా చీల్చి పెట్టాను. క్రెమోనా మొస్తార్దా తెచ్చాను. అది పాకంలో ఊరిన పండ్లకి ఆవఘాటు పట్టించే పదార్థం. ముక్కులోకి ఎక్కే ఆ ఘాటు ఆమెకి ఆవకాయ కొత్త జాడీ మూత తీసిన రోజుని గుర్తుచేస్తుందనుకున్నాను. రెండు భాగాలకీ మధ్య వాల్‌నట్ పప్పులు వరసగా పేర్చాను, పొలానికీ పొలానికీ మధ్య గట్టులాగా. "కలవకపోతే చాలు" అన్న మాటకి నేనిచ్చిన విలువ ఆ వరస. ఇక పలకకి సరిగ్గా నడిమధ్యన, గట్టుని ఆనుకుని, ప్రొషూట్టో రేకుల్ని ఒకదాని చుట్టూ ఒకటి చుట్టి గులాబీ పువ్వు చేసి పెట్టాను. శాకాహారి అయిన భార్యకి పెళ్లిరోజు కానుకగా పందిమాంసంతో గులాబీ. అది చేస్తున్నంతసేపూ నా మనసు ప్రేమతో నిండి ఉంది. ఆ ప్రేమ అబద్ధం కాదు. అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

చీజ్ ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బయట పెడితేగానీ దాని వాసన విచ్చుకోదు. ఈ నియమం నాకు బాగా తెలుసు. అందుకని పలక మొత్తాన్ని గంట ముందే బల్ల మీద పెట్టాను. ఆ గంటలో హామ్‌కి ఏమవుతుందో ఆలోచించలేదు. ప్రొషూట్టో అంచున ఉండే కొవ్వు చల్లగా ఉన్నప్పుడు సున్నంలా తెల్లగా ఉంటుంది. వెచ్చబడేకొద్దీ తెలుపు తగ్గి, మైనపు కాగితంలా మెరిసి, చెమర్చడం మొదలవుతుంది. ఆగస్టు సాయంత్రం, కిటికీ లోంచి పడమటి ఎండ. గులాబీ రేకుల అంచులు వాలిపోయాయి. అడుగు నుంచి నూనెబొట్టు ఒకటి ఊరి, చెక్క గీతల వెంట నెమ్మదిగా జారి, రెండు వాల్‌నట్ పప్పుల సందులోంచి అవతలికి వెళ్లింది. పార్మిజానో ముక్క ఒకటి అక్కడే ఉంది. బొట్టు దాని అడుగున ఇంకిపోయింది.

నేనిది చూడలేదు. ఆమె చూసింది. పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చుంది, పలకని చూసి "ఎంత కష్టపడ్డారో" అంది. ఆ అంచున ఉన్న ముక్కల జోలికి పోకుండా, కుడివైపు చివరి ముక్క ఒకటి తీసుకుంది. అందులోనే నాకు అంతా అర్థం కావాలి, కాలేదు. నేను ఉత్సాహంగా కథ మొదలుపెట్టాను. ఒక్కో పార్మిజానో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు పోస్తారనీ, చీజ్ తీసేశాక మిగిలిన తేటని ఇక్కడి పందులకి తాగిస్తారనీ, ఆ పందుల తొడలే ప్రొషూట్టో అవుతాయనీ, కాబట్టి ఈ పలక మీది రెండు వైపులూ నిజానికి చుట్టాలేననీ చెప్పాను. ఆమె వింటూ చీజ్ చుట్టిన కాగితం తీసి చూస్తోంది. "మరి పాలని విరగ్గొట్టేది దేంతో?" అంది. నిమ్మరసంతో కాదు, ఏదో కలుపుతారన్నాను. ఆమె ఫోన్‌తో ఆ కాగితం మీది అక్షరాలు చదివించుకుంది. పార్మిజానోలో ఉండేవి మూడే. పాలు, ఉప్పు, కాల్యో. ఆ మూడోది రెన్నెట్. పాలు తప్ప ఇంకేదీ రుచి చూడని లేగదూడ నాలుగో పొట్టలోంచి తీసేది.

ఆమె చేతిలో ముక్క ఇంకా సగం ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టింది. కాసేపాగి, "రోజూ నా పళ్లెంలో తురిమింది ఇదేనా?" అంది.

నా గొంతులో వెలక్కాయ పడింది. ఆ రాత్రి నేను చేసిన పనుల్లో అన్నిటికంటే తెలివితక్కువది పలక కాదు, దాని తర్వాత నేను అన్న మాట. "చాలా కొంచెమే వేస్తారు" అన్నాను. అంత పెద్ద రాగిబానకి పిసరంత చాలుననీ, అది పాలలోని ఒక ప్రొటీన్‌ని తెంపి తోడుకునేలా చేస్తుందనీ, ఆ పని అయ్యాక చాలావరకు తేటతో పోతుందనీ లెక్క చెప్పాను. లెక్క తప్పు కాదు. కానీ ఆమె అడిగింది లెక్క కాదు. దూడ ఎంత అని ఆమె అడగలేదు. చిన్నప్పటి నుంచీ నిలబెట్టుకుంటూ వచ్చిన ఒక నియమం తనకి తెలియకుండా, తన భర్త చేతుల మీదుగా, రోజూ తప్పిపోయిందని తెలిసిన మనిషికి నేను శాతాలు చెప్పాను.

"మీకు తెలుసా?" అంది.

"తెలీదు."

"ఈ ఊళ్లో ఇన్నేళ్లున్నారు. పంది తొడలో సూది ఎక్కడ గుచ్చుతారో కూడా తెలుసు మీకు."

ఆమె లేచి అన్నం పెట్టుకుని, అమ్మ పంపిన గోంగూర పచ్చడితో తినేసింది. నన్ను తినమంది, పాడైపోతుందంది. నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది. ఏడవలేదు, పోట్లాడలేదు. కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంది. ఇక్కడి చీజుల పేర్లు ఒక్కొక్కటీ రాసి, దేనిలో ఏముందో నన్నే వెతకమంది. వెతికాను. పార్మిజానోకి దూడ రెన్నెట్ తప్పనిసరి, మరొకటి వాడితే ఆ పేరే పెట్టకూడదు. గోర్గోంజోలాదీ దూడ రెన్నెట్టే. పెకొరీనో రొమానోకి గొర్రెపిల్లది. పార్మిజానోకి బదులుగా అందరూ కొనే గ్రానా పదానో లేబుల్ మీద లైసోజైమ్ అని ఉంటుంది, అది కోడిగుడ్డు తెల్లసొన నుంచి వస్తుంది. అది చదివినప్పుడు ఆమె "గుడ్డు కూడానా" అని పెన్ను కింద పెట్టేసింది. బజార్లో దొరికే మొజరెల్లా కొన్నిటికి సూక్ష్మజీవుల నుంచి చేసిన రెన్నెట్ వాడతారు, కొన్నిటికి వాడరు, ప్యాకెట్ ప్యాకెట్‌కీ చదవాల్సిందే. మస్కర్పోనె మాత్రం మన పనీర్ లాగే పులుపుతో విరుగుతుంది. ముళ్ల ఆకుల కార్డూన్ అనే మొక్క ఉంది. దాని పువ్వులోని ఊదారంగు పోగులు నానబెట్టిన నీళ్లతో పాలు తోడుకుంటాయి. స్పెయిన్, పోర్చుగల్లో తరతరాలుగా అలా చేసే గొర్రెపాల చీజులున్నాయి, ఇటలీలోనూ కొందరు చేస్తున్నారు. ఇవన్నీ ఒక్క పూటలో తెలిశాయి. నాకు కావలసింది ఆ ఒక్క పూటే. ఏడాది పొడుగునా దాన్ని ఆమె కోసం తీయలేదు.

తిన్నదాని గురించి ఒకసారి అడిగాను, మనసులో ఎలా ఉందని. "తెలియక తిన్నదానికి నన్ను నేను అనుకోను. తెలుసుకోకుండా పెట్టిన మనిషిని అనుకుంటాను" అంది. మెత్తగానే అంది. ఆ మాటకి ఇప్పటిదాకా నా దగ్గర జవాబు లేదు, వెతకడమూ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు పలకలున్నాయి, రెండు కత్తులున్నాయి. కొట్టులో పెద్దావిడ చీజ్ నాకివ్వదు, లేబుల్ పైకి వచ్చేలా తిప్పి మా ఆవిడ చేతికిస్తుంది. కార్డూన్‌తో చేసిన పెకొరీనో ఆమెకి నచ్చింది, చివర్లో కాస్త చేదు తగులుతుంది, కాకరకాయ తినేవాళ్లకి అదేం లెక్క కాదంది. నిమ్మరసంతో విరగ్గొట్టిన పనీర్‌ని మిరియాలతో నొక్కి పెడుతోంది, మొస్తార్దా దాని పక్కనే బాగుంటుంది. పార్మిజానో నేను మానేశాను. ఆమె మానమని చెప్పలేదు.

వచ్చే నెల అత్తయ్యగారు వస్తున్నారు. ఫ్రిజ్ తెరిచి ప్రతి డబ్బా గురించీ అడిగే మనిషి. జరిగింది నేనే చెప్పేస్తానన్నాను. "వద్దులెండి, నేను చెప్తాను" అంది మా ఆవిడ. "మీరు చెబితే అమ్మ మిమ్మల్ని ఏమీ అనలేదు. నేను చెబితే నాలుగు మాటలంటుంది. అననివ్వండి."